ఎల్ఈడీలు పెట్టినా ఆఫీసు కరెంటు బిల్లు తగ్గట్లేదా? అసలు లెక్క స్విచ్ దగ్గరే ఉంది!

రాత్రి పదకొండు గంటలు దాటాక మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళ్తే ఒక్కసారి తల పైకెత్తి చూడండి. అద్దాల బిల్డింగుల్లో ఫ్లోర్లకు ఫ్లోర్లే వెలుగుతూ కనిపిస్తాయి. లోపల మనుషులు ఉన్నారా అంటే.. ఒక మూల నైట్ షిఫ్ట్‌లో పది మంది ఉంటారు. మిగతా మూడొంతుల ఫ్లోర్‌లో ఖాళీ కుర్చీలకు వెలుతురు పడుతుంటుంది. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరైనా, వైజాగ్ ద్వారకానగర్‌లో అయినా కమర్షియల్ కాంప్లెక్సుల సంగతి పెద్ద తేడా ఉండదు.

"మావన్నీ ఎల్ఈడీలేనండి, పెద్దగా కాలదు" అంటారు చాలామంది ఓనర్లు. నిజమే, ఎల్ఈడీ తక్కువ కరెంటు తాగుతుంది. కానీ ఆర్పాల్సిన లైటు వెలుగుతూనే ఉంటే ఎంత మంచి ఎల్ఈడీ అయినా మీటరు తిప్పుతూనే ఉంటుంది. షాపులు, ఆఫీసులు, ఆస్పత్రులు, ఫంక్షన్ హాళ్లు.. వీటిలో లైట్ల ఖర్చు ఎక్కడ పోతోంది? ఎక్కడ డబ్బు పెడితే తిరిగొస్తుంది? ఎక్కడ పెట్టినా దండగే? వివరంగా చూద్దాం.

ముందు ఎల్ఈడీ సంగతి

పాత ఫిలమెంట్ బల్బులో తీగ వేడెక్కి వెలుగుతుంది. వాడిన కరెంటులో ఎక్కువ భాగం వేడికే పోతుంది. చెయ్యి పెడితే కాలేది అందుకే. ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఆవిరి గుండా కరెంటు వెళ్లి, లోపలి పూత వెలుగుతుంది. అది కొంత నయం. ఎల్ఈడీలో తీగ లేదు, ఆవిరి లేదు. చిన్న సెమీకండక్టర్ చిప్ నేరుగా కాంతి ఇస్తుంది. చిప్ ఇచ్చేది నీలం కాంతి. దాని మీద ఉండే పసుపు పూత అందులో కొంత భాగాన్ని మార్చితే మన కంటికి తెలుపుగా కనిపిస్తుంది. ఈ నీలం ఎల్ఈడీని సాధించినందుకే ముగ్గురు శాస్త్రవేత్తలు అకసాకి, అమనో, నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది.

ఒక వాట్ కరెంటుకు ఎంత వెలుతురు వస్తుందో ల్యూమెన్లలో కొలుస్తారు. ఫిలమెంట్ బల్బు వాట్‌కు 10 నుంచి 15 ల్యూమెన్లు ఇస్తే, ఇప్పటి మంచి ఎల్ఈడీ 100 నుంచి 150 దాకా ఇస్తుంది. అందుకే 60 వాట్ల బల్బు చేసే పని 7, 9 వాట్ల ఎల్ఈడీ చేసేస్తోంది.

ధర కూడా అడ్డం కాదిప్పుడు. ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ 2014లో ఒక్కో ఎల్ఈడీ బల్బును 310 రూపాయలకు కొంది. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలైంది, కోట్లల్లో ఆర్డర్లు పెట్టారు. 2016కల్లా కొనుగోలు ధర 38 రూపాయలకు పడిపోయింది. ఇంట్లో బల్బు మార్చడం అలా తేలికైపోయింది. ఆఫీసులు, షాపుల్లో మాత్రం కథ బల్బు మార్చడంతో అయిపోదు.

200 ట్యూబ్‌లైట్ల లెక్క

ఒక ఆఫీసు ఫ్లోర్ తీసుకుందాం. పాత 36 వాట్ల ట్యూబ్‌లైట్లు 200 ఉన్నాయి. పేరుకు 36 వాట్లే కానీ పాతకాలం చోక్ కూడా పది, పన్నెండు వాట్లు తింటుంది. అంటే ఒక్కోటి 48 వాట్లు. మొత్తం 9.6 కిలోవాట్లు. రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు వెలిగితే 34,560 యూనిట్లు. యూనిట్ 10 రూపాయలు అనుకుంటే (మీ స్లాబ్‌ని బట్టి ఇది మారుతుంది, మీ బిల్లు చూసి వేసుకోండి) ఏడాదికి 3,45,600 రూపాయలు.

వాటి స్థానంలో 20 వాట్ల ఎల్ఈడీలు పెడితే 4 కిలోవాట్లే. 14,400 యూనిట్లు, 1,44,000 రూపాయలు. అంటే ఏడాదికి రెండు లక్షల పైచిలుకు మిగిలినట్టే. ఫిట్టింగ్, కూలీ కలిపి ఒక్కోదానికి 600 అనుకున్నా 1,20,000 ఖర్చు. ఏడు నెలల్లో పెట్టుబడి వెనక్కి వస్తుంది. ఇంకా ట్యూబ్‌లైట్లే వాడుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే.. ఆలస్యం చేసిన ప్రతి నెలా పదహారు వేలకు పైనే పోతున్నట్టు.

ఇక్కడ చాలామంది వదిలేసే లెక్క ఒకటుంది. అదే ఏసీ! లైటు తిన్న ప్రతి వాట్ చివరికి గదిలో వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీ మళ్లీ కరెంటు తినాలి. మామూలుగా ఒక ఏసీ ఒక వాట్ కరెంటుతో మూడు వాట్ల వేడిని బయటికి పంపుతుంది అనుకుంటే, లైట్లలో మూడు యూనిట్లు తగ్గితే ఏసీలో ఒక యూనిట్ తగ్గుతుంది. ఏడాదంతా ఏసీ నడిచే ఫ్లోర్ అయితే పై ఉదాహరణలో ఇంకో 6,700 యూనిట్లు. అంటే మరో 67 వేలు. టీవీ స్టూడియోల్లో ఇది బాగా తెలుస్తుంది. పాత హాలోజన్ లైట్ల కింద కూర్చుని బులెటిన్ చదివిన సీనియర్ యాంకర్లను అడిగితే చెబుతారు, ఏసీ ఫుల్లుగా ఉన్నా మేకప్ కరిగిపోయేదని. ఇప్పుడు ఎల్ఈడీ ప్యానెళ్లు వచ్చాక స్వెట్టర్ వేసుకునే పరిస్థితి!

రైల్వే ప్లాట్‌ఫామ్ ఐడియా

సరే, ఎల్ఈడీలు పెట్టేశారు. ఇక ఇప్పుడు మిగిలిన 1,44,000 సంగతేంటి? దాన్ని తగ్గించాలంటే ఇంకా తక్కువ వాట్ల లైటు వెతకడం కాదు, ఉన్న లైటు ఎంతసేపు వెలగాలో చూడాలి. దీన్నే లైటింగ్ కంట్రోల్ అంటున్నారు. పేరు వినగానే ఏదో పెద్ద సాఫ్ట్‌వేర్ అనుకోవద్దు.

రైల్వే వాళ్ల పద్ధతి చూడండి. స్టేషన్లలో ప్లాట్‌ఫామ్ లైట్లను రెండు సర్క్యూట్లుగా విడగొట్టారు. 30 శాతం లైట్లు ఎప్పుడూ వెలుగుతాయి. మిగతా 70 శాతం రైలు వచ్చేటప్పుడు, ఆగి ఉన్నప్పుడు మాత్రమే. సిగ్నల్‌కి లింక్ పెడితే మనిషి స్విచ్ వేసే పని కూడా లేదు. రైలు వెళ్లిపోయింది, 70 శాతం లైట్లు ఆరిపోయాయి. ప్లాట్‌ఫామ్ చీకటిగా లేదు, కానీ దండగా లేదు.

ఇదే ఆలోచన మన బిల్డింగులకు వేసి చూడండి. రైలు అంటే మనిషి. ప్లాట్‌ఫామ్ అంటే కారిడార్, సెల్లార్, మెట్లు, మీటింగ్ రూమ్.

వైజాగ్‌ది ఇంకో ఉదాహరణ. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను వీధి దీపాలను నేలకూల్చాక, నగరమంతా 90 వేలకు పైగా ఎల్ఈడీ వీధి లైట్లు పెట్టారు. లైట్లతో పాటు వాటిని ఎక్కడి నుంచైనా వేసి ఆర్పే కంట్రోల్ వ్యవస్థను కూడా ఈఈఎస్ఎల్ తన వీధి దీపాల ప్రాజెక్టుల్లో భాగం చేసింది. ఎందుకంటే పట్టపగలు వెలిగే వీధి లైటు ఎల్ఈడీ అయినా వేస్టే కదా!

సెన్సర్ ఎలా కనిపెడుతుంది?

మనిషి ఉన్నాడో లేడో కనిపెట్టే సెన్సర్లలో ఎక్కువగా వాడేది పీఐఆర్ రకం. మన ఒంట్లో నుంచి వచ్చే వేడిని, అది కదలడాన్ని పసిగడుతుంది. ధర తక్కువ, గోడ దాటి చూడదు కాబట్టి పక్క గదిలో మనిషి నడిస్తే ఇక్కడ లైటు వెలగదు. కానీ ఒక ఇబ్బంది.. కదలకుండా కూర్చుంటే మీరు లేరనుకుంటుంది.

నైట్ డ్యూటీ చేసేవాళ్లకు ఇది అనుభవమే. వాష్‌రూమ్‌లో ఉండగా ఠక్కున లైటు ఆరిపోతుంది. చీకట్లో చేతులు గాల్లో ఊపాలి! అది సెన్సర్ తప్పు కాదు, పెట్టినవాళ్ల తప్పు. తలుపు దగ్గర ఒక్క సెన్సర్ పెట్టి, టైమ్ రెండు నిమిషాలకు సెట్ చేస్తే అంతే మరి. లోపలి క్యాబిన్లను కూడా చూసే చోట సెన్సర్ పెట్టి, పది, పదిహేను నిమిషాల టైమ్ ఇస్తే ఈ తంటా ఉండదు.

మైక్రోవేవ్ సెన్సర్ రెండో రకం. ఇది తరంగాలను పంపి, తిరిగొచ్చేవాటిలో తేడాను చూస్తుంది. చిన్న కదలికను కూడా పట్టేస్తుంది. కాకపోతే అద్దం, ప్లైవుడ్ పార్టిషన్ దాటి కూడా చూస్తుంది. గ్లాస్ క్యాబిన్లున్న ఆఫీసులో ఇది పెడితే కారిడార్‌లో ఎవరు నడిచినా మీటింగ్ రూమ్ లైట్లు వెలుగుతాయి. సెల్లార్‌కి మాత్రం బాగుంటుంది.

ఇక వెలుతురు సెన్సర్ వేరు. దానికి మనుషులతో పని లేదు, కిటికీలోంచి ఎంత వెలుతురు వస్తోందో చూసి ఆ మేరకు లైటు తగ్గిస్తుంది. ఎల్ఈడీల్లో ఉన్న సుఖం ఇదే. ట్యూబ్‌లైట్‌ని ఊరికే వేసి ఆర్పితే చివర్లు నల్లబడి త్వరగా పోయేది. వెలుతురు తగ్గించడం అయితే దాంతో పెద్ద తలనొప్పి. ఎల్ఈడీని ఎన్నిసార్లు ఆర్పినా ఇబ్బంది లేదు, డిమ్ చేసే డ్రైవర్ ఉంటే ఎంతకైనా తగ్గించుకోవచ్చు. వేయగానే పూర్తి వెలుతురు ఇస్తుంది.

పెద్ద బిల్డింగుల్లో డాలి అనే పద్ధతి వాడతారు. ఒక్కో లైటుకు ఒక్కో అడ్రస్ ఉంటుంది, ఒక లైన్ మీద 64 దాకా. ఏ లైటు ఎప్పుడు ఎంత వెలగాలో కంప్యూటర్ నుంచి చెప్పొచ్చు. పది వేల చదరపు అడుగుల ఆఫీసుకు ఇది అవసరమా అంటే.. నా దృష్టిలో చాలాసార్లు అవసరం లేదు. అమ్మేవాళ్లు మాత్రం ముందు అదే చూపిస్తారు.

డబ్బు ఉన్నది క్యాబిన్లలో కాదు, సెల్లార్‌లో!

ఇప్పుడు అసలు పాయింట్. పై ఫ్లోర్‌లో ఎల్ఈడీలు పెట్టాక కంట్రోల్స్ కూడా పెట్టారనుకుందాం. కరెంటు ఇంకో 30 శాతం తగ్గిందనుకుందాం. 1,44,000లో 30 శాతం అంటే 43,200 రూపాయలు. సెన్సర్లు, వైరింగ్‌కి 80 వేలు అయితే, తిరిగి రావడానికి దాదాపు ఇరవై రెండు నెలలు. ఎల్ఈడీలకు ఏడు నెలలు పట్టింది కదా, దీనికెందుకు ఇంతసేపు? ఎందుకంటే లైటు తినేదే తక్కువైంది కాబట్టి ఆర్పితే మిగిలేది కూడా తక్కువే. ఈ మాట అమ్మకానికొచ్చిన వాళ్లు చెప్పరు. అందుకే ప్రతి లైటుకూ సెన్సర్ పెట్టాలనుకోవద్దు. ఎక్కువ గంటలు వెలిగి, తక్కువ మంది తిరిగే చోటు ఏదో వెతకాలి.

సెల్లార్ పార్కింగ్ అలాంటిదే. వంద లైట్లు, ఒక్కోటి 20 వాట్లు అనుకోండి. ఇరవై నాలుగు గంటలూ వెలుగుతాయి, ఆదివారం లేదు, పండగ లేదు. రోజుకు 48 యూనిట్లు. ఏడాదికి 17,520 యూనిట్లు.. 1,75,200 రూపాయలు. అంటే 200 లైట్లున్న ఆఫీసు ఫ్లోర్ కంటే 100 లైట్లున్న సెల్లార్‌కే ఎక్కువ బిల్లు! నమ్మబుద్ధి కాదు కానీ గంటల లెక్క అది.

ఇక్కడ మనిషి, బండి లేనప్పుడు ఐదో వంతు వెలుతురుకు తగ్గిపోయే లైట్లు పెడితే? మొత్తం మీద రోజులో ఆరు గంటలు కదలిక ఉంటుందనుకుంటే, రోజుకు 48 బదులు దాదాపు 19 యూనిట్లు. ఏడాదికి పది వేల యూనిట్లకు పైగా మిగులుతుంది. లక్ష రూపాయలు. సెన్సర్ లోపలే ఉన్న ఎల్ఈడీ ట్యూబులు కూడా మార్కెట్లో దొరుకుతున్నాయి, కొత్త వైరింగ్ కూడా అక్కర్లేదు.

పూర్తిగా ఆర్పేయొద్దు, తగ్గించాలి అంతే. సెల్లార్‌లో, మెట్ల మీద చీకటి ఉంటే ఆడవాళ్లు ఒంటరిగా బండి తీయడానికి భయపడతారు. సీసీ కెమెరాలకు కూడా ఏమీ కనపడదు. ఎమర్జెన్సీ దారి చూపే లైట్లను అసలు ఈ సెన్సర్ల జోలికి తీసుకురాకూడదు. డబ్బు మిగుల్చుకోవడానికి మంట రేగిన రోజున మెట్లు కనపడకపోతే ఎలా?

ఆ తర్వాత వరసలో వచ్చేవి స్టోర్ రూములు, వాష్‌రూములు, మీటింగ్ రూములు, కారిడార్లు. హోటళ్లలో రూముల ముందు కారిడార్లు ఇంకా. రిసెప్షన్, సేల్స్ కౌంటర్లు.. వీటిని వదిలేయండి, అక్కడ ఎలాగూ మనుషులుంటారు.

కిటికీ పక్క వరసకు వేరే స్విచ్

పైసా ఖర్చు లేని కంట్రోల్ ఇది. చాలా ఆఫీసుల్లో వైరింగ్ ఎలా ఉంటుందంటే, ఫ్లోర్ మొత్తానికి రెండో మూడో ఎంసీబీలు. పొద్దున హౌస్ కీపింగ్ అన్న వచ్చి అన్నీ టపటపా పైకి లేపుతాడు, రాత్రి వాచ్‌మన్ కిందకి దించుతాడు. మధ్యలో ఎవరికీ ఒక్క లైటు ఆర్పే అవకాశమే లేదు. ఆఖరున ఒక్కడు పనిచేస్తున్నా ఫ్లోర్ అంతా వెలగాల్సిందే. మనం మొదట్లో చూసిన మాదాపూర్ సీన్ వెనకున్న కారణం చాలావరకు ఇదే.

కొత్తగా ఇంటీరియర్ చేయించుకునేవాళ్లు ఎలక్ట్రీషియన్‌కి ఒక్క మాట చెప్పండి. కిటికీకి సమాంతరంగా ఉన్న లైట్ల వరసకు విడిగా స్విచ్ ఇవ్వమనండి. 200లో 40 లైట్లు కిటికీ పక్కన ఉన్నాయనుకుందాం. మన దగ్గర ఎండకు కొదవా? రోజుకు ఆరు గంటలు అవి ఆర్పినా ఏడాదికి 1,440 యూనిట్లు, పద్నాలుగు వేల రూపాయలు. మన దగ్గరేమో ఎండ కళ్లలో పడుతోందని బ్లైండ్స్ మూసేసి, చీకటిగా ఉందని లైట్లు వేసుకుంటాం!

దీన్ని డిజైన్‌లోనే పెట్టుకున్న బిల్డింగ్ హైదరాబాద్‌లోనే ఉంది. కొండాపూర్ దగ్గరున్న సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ తెచ్చుకున్న మొదటి బిల్డింగ్ అది. గుండ్రంగా కట్టి మధ్యలో ఆకాశం కనిపించే పెద్ద ముంగిలి వదిలారు. మన పాత మండువా లోగిలి లాగే! అందుకే లోపల చాలా చోట్ల పగలు లైటు లేకుండానే పని నడుస్తుంది. ఎల్ఈడీలు ఇంత చవక కాని రోజుల్లో కట్టింది అది.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

ఇదంతా మన ఇష్టమేనా అంటే.. పెద్ద బిల్డింగులకు కాదు. ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్ అని 2007లో కేంద్రం తెచ్చింది, 2017లో మార్చింది, 2024లో మరికొన్ని అంశాలు చేర్చి కొత్త కోడ్ విడుదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలోనే దీన్ని తీసుకొచ్చింది. తర్వాత తెలంగాణ తన సొంత కోడ్ చేసుకుంది. కేంద్రం లెక్క ప్రకారం 100 కిలోవాట్ల లోడ్ లేదా 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ దాటిన కమర్షియల్ బిల్డింగులు దీని కిందకు వస్తాయి.

2017 కోడ్ ప్రకారం ఆఫీసు బిల్డింగ్‌లో లైట్ల లోడ్ చదరపు మీటరుకు 9.5 వాట్లు మించకూడదు. 300 చదరపు మీటర్లు దాటిన చోట లోపలి లైట్లలో 90 శాతం వాటంతట అవే ఆరిపోయే ఏర్పాటు ఉండాలి. సెన్సర్ పెడితే మనిషి వెళ్లిన పదిహేను నిమిషాల్లోపు లైటు ఆరాలి. బయటి లైట్లకు ఫొటో సెన్సరో, సూర్యోదయ సూర్యాస్తమయాలను బట్టి నడిచే టైమరో ఉండాలి.

కాకపోతే ఈ రూల్స్ ప్రధానంగా కొత్త బిల్డింగులకు, భారీగా మార్పులు చేసేవాటికి. అమీర్‌పేటలోనో, విజయవాడ గవర్నర్‌పేటలోనో ఇరవై ఏళ్ల కిందటి కాంప్లెక్స్‌లో ఉన్నవాళ్లను ఎవరూ అడగరు. అక్కడ ఎవరికి వాళ్లే లెక్క వేసుకోవాలి.

కొనేముందు ఫోన్ తీయండి!

షాపులో లైటు కొనేటప్పుడు వాట్లు ఒక్కటే చూస్తారు అందరూ. డబ్బా మీద ల్యూమెన్లు చూడండి. ఒకే 20 వాట్ల రెండు ట్యూబుల్లో ఒకటి 1,600 ల్యూమెన్లు, ఇంకోటి 2,200 ఇవ్వొచ్చు. ఎల్ఈడీ ల్యాంపులకు బీఈఈ స్టార్ లేబుల్ 2018 నుంచి తప్పనిసరి, అదీ చూడండి.

తర్వాత మీ ఫోన్‌లో స్లో మోషన్ వీడియో మోడ్ ఆన్ చేసి వెలుగుతున్న లైటు వైపు పెట్టండి. నాసిరకం డ్రైవర్ అయితే స్క్రీన్ మీద లైటు గబగబా కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్. చవక డ్రైవర్ దాన్ని సరిగ్గా నునుపు చేయదు కాబట్టి లైటు సెకనుకు వంద సార్లు పెరిగి తగ్గుతుంది. కంటికి కనపడదు కానీ రోజంతా దాని కింద కూర్చుంటే కొందరికి కళ్లు లాగడం, తలనొప్పి. ఎల్ఈడీ 50 వేల గంటలు వస్తుందని చెబుతారు, చిప్ వస్తుంది కూడా. మధ్యలో పోయేది ఈ డ్రైవరే. డబ్బా మీద గంటలు కాదు, వారంటీ ఎన్నేళ్లో, బిల్లు ఇస్తారో లేదో అడగండి.

పవర్ ఫ్యాక్టర్ అని ఇంకోటి ఉంటుంది. 0.9 పైన ఉంటే మంచిది, చవక వాటిలో 0.5 కూడా ఉంటుంది. మన రెండు రాష్ట్రాల్లో హెచ్‌టీ కనెక్షన్లకు కేవీఏహెచ్ లెక్కన బిల్లు వస్తుంది. ఆ లెక్కలో 0.5 ఉన్న 20 వాట్ల లైటు 40 తిన్నట్టే. బిల్డింగ్ మొత్తం పవర్ ఫ్యాక్టర్‌ని బట్టి బిల్లు తేలుతుంది కానీ, వందల కొద్దీ ఇలాంటి లైట్లుంటే ఆ మొత్తాన్నీ కిందకు లాగుతాయి.

బట్టల షాపులవాళ్లకు మాత్రం వీటన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటి.. రంగు. చీర కొనేటప్పుడు మన అమ్మలు ఏం చేస్తారు? "కాస్త బయటికి తీసుకురా బాబూ, వెలుతురులో చూస్తా" అంటారు. లోపల మెరూన్‌గా కనిపించింది బయట ఇటుక రంగులో తేలుతుంది. దీనికి కొలత ఉంది, సీఆర్ఐ అంటారు. ఎండకు 100 అనుకుంటే మామూలు ఎల్ఈడీ 80 ఉంటుంది. చీరలు, నగలు, కూరగాయలు అమ్మేచోట 90 పైన ఉన్నవి పెట్టుకోవాలి. అవి కొంచెం ఎక్కువ కరెంటు తింటాయి, ధరా ఎక్కువే. అక్కడ మాత్రం కక్కుర్తి పడొద్దు. కస్టమర్ ఇంటికెళ్లి చూసుకుని రంగు తేడా ఉందని చీర వెనక్కి తెస్తే మిగిలిన యూనిట్లు ఏ మూలకు?

ఓనర్ పెట్టాలా? అద్దెకున్నవాళ్లు పెట్టాలా?

ఇన్ని లాభాలుంటే అందరూ ఎందుకు చేయట్లేదు? కారణం సింపుల్. ఫిట్టింగ్ కొనాల్సింది ఓనర్. కరెంటు బిల్లు కట్టేది అద్దెకున్నవాళ్లు. బిల్లు తగ్గితే ఓనర్‌కి ఒరిగేదేం లేదు. పదకొండు నెలల అగ్రిమెంట్ మీద ఉన్న షాపు అతను రేపు ఖాళీ చేయమంటే ఫాల్స్ సీలింగ్‌లో పెట్టిన లైట్లు పట్టుకుపోతాడా? ఇద్దరూ ఆగిపోతారు, మీటరు ఆగదు.

సెల్లార్, మెట్లు, లిఫ్ట్ లాబీ అయితే ఇంకో తిరకాసు. అవి కామన్ మీటర్‌లో ఉంటాయి, మెయింటెనెన్స్ పేరుతో అందరి దగ్గరా వసూలు చేస్తారు. ఎవరి జేబులోంచి ఎంత పోతోందో ఎవరికీ తెలియదు. అందుకే మీ కాంప్లెక్స్ మీటింగ్‌లో ముందుగా అడగాల్సింది కామన్ మీటర్ బిల్లు. పన్నెండు నెలల బిల్లులు ముందుంచుకుంటే సెల్లార్ లెక్క పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ ఖర్చును ఓనర్ పెట్టి, మిగిలిన దాంట్లో ఏడాదో రెండేళ్లో వాటా తీసుకునేలా అగ్రిమెంట్‌లో ఒక లైను రాసుకోవచ్చు. అద్దె రెన్యువల్ టైమ్‌లో అడిగితే ఒప్పుకునే ఛాన్స్ ఎక్కువ.

ట్యూబ్ మార్చేటప్పుడు జాగ్రత్త

పాత పట్టీలోనే ఎల్ఈడీ ట్యూబ్ పెట్టేవాళ్లు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. కొన్ని ట్యూబులు పాత చోక్‌తోనే పనిచేస్తాయి, కొన్నిటికి చోక్, స్టార్టర్ తీసేసి నేరుగా కరెంటు ఇవ్వాలి. ఏ రకమో డబ్బాలో కాగితం మీద ఉంటుంది. చోక్ తీయాల్సిన చోట తీయకపోతే ట్యూబ్ కాలిపోవచ్చు. నేరుగా కరెంటు ఇచ్చిన పట్టీలో తర్వాత ఎవరైనా తెలియక పాత ట్యూబ్‌లైట్ బిగిస్తే ప్రమాదం. అందుకని పట్టీ మీద "ఎల్ఈడీ మాత్రమే" అని స్టిక్కర్ వేయించండి.

తీసేసిన పాత ట్యూబ్‌లైట్లను మాత్రం పగలగొట్టొద్దు, చెత్త బండిలో వేయొద్దు. వాటిలో పాదరసం ఉంటుంది. ఈ-వేస్ట్ రూల్స్ కిందకు వస్తాయి అవి. వాటిని పాత డబ్బాల్లోనే నిలబెట్టి ఉంచి, రిజిస్టరైన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కి ఇచ్చి రసీదు తీసుకోండి. రెండొందల ట్యూబులంటే చిన్న విషయం కాదు, పాత సామాన్ల బండి అతనికి ఇచ్చేస్తే అల్యూమినియం మూతల కోసం అతను రోడ్డు పక్కన కూర్చుని ఒక్కొక్కటీ పగలగొడతాడు. ఆ ఆవిరి పీల్చేది అతనే.